ఆటల కంప్యూటరు: ముందు తెర, తరువాత యంత్రము

ఇంటివద్దనే విడిభాగములు కూర్చి ఆటల కంప్యూటరును తయారుచేసికొనువారు పలువురు మొదట ప్రాసెసరును కొని, చివర మిగిలిన డబ్బుతో మానిటరును కొందురు. ఈ వరుసను తిరగవేయుట మేలు. ఏలయన, యంత్రము ఎంత పని చేయవలెనో నిర్ణయించునది ముఖ్యముగా తెరయే.

తెరమీది బొమ్మ పిక్సెళ్లు అనెడి చుక్కలతో ఏర్పడును. 1920 × 1080 తెరలో ఇవి సుమారు 20.7 లక్షలు, 3840 × 2160 తెరలో 82.9 లక్షలు, అనగా నాలుగు రెట్లు. 60 హెర్ట్‌జ్ తెర సెకనుకు 60 మారులు బొమ్మను మార్చును; ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకనుల వ్యవధి గలదు. 144 హెర్ట్‌జ్ తెరకు ఈ వ్యవధి 6.9 మాత్రమే. ఆలోపల చుక్కలన్నిటి రంగులను గ్రాఫిక్స్ కార్డు లెక్కగట్టవలెను. కార్డు చాలనిచో తెరకు పెట్టిన డబ్బు, తెర చాలనిచో కార్డుకు పెట్టిన డబ్బు వృథా యగును.

కావున తెర, దానికి తగిన కార్డు, ఆపైన ప్రాసెసరు—ఇదియే వరుస. ప్రాసెసరు మదర్‌బోర్డు సాకెట్టులో ఇమడవలెను. డీడీఆర్4 మెమరీ డీడీఆర్5 గాడిలో పట్టదు. అన్నిటికి చాలినంత విద్యుత్తునిచ్చు పవర్ సప్లై విషయమున పిసినారితనము తగదు.

కూర్పు ముగిసిన పిదప మానిటరు తీగను మదర్‌బోర్డుకు గాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలింపుడు. సెట్టింగులలో 144 హెర్ట్‌జ్‌ను ఎన్నుకొనుడు. లేనిచో ఎక్కువ వెల పెట్టి కొన్న తెర 60 వద్దనే నిలిచిపోవచ్చును.