మీకు తెలుసా? తాళం పట్టిన మాధవి

కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో వాద్యబృందాన్ని నడిపించే సూత్రధారుడే కథలో పాత్ర కూడా! తాళాలు వాయిస్తూ, జతులు చెబుతూనే ఆయన సత్యభామకు చెలికత్తె మాధవి అవుతాడు. కృష్ణుడి దగ్గరికెళితే మాధవుడు. వేషం మారదు, మాటతీరే మారుతుంది. మొగుడి పేరు చెప్పమని సిగ్గుపడే భామను సతాయించేదీ ఆయనే. కూచిపూడి ఊళ్లో పెరిగిన పద్ధతి ఇది.

అదే యూరప్ బాలేలో అయితే, వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు కథలోకి రాడు, వేదిక ముందు పల్లంలోనే ఉంటాడు. పూర్వం అక్కడ తాళానికి కర్రతో నేలను కొట్టేవారు. ఫ్రెంచి ఆస్థాన సంగీతకారుడు లుల్లీ ఆ కర్రతో తన కాలినే పొడుచుకుని, పుండు ముదిరి 1687లో చనిపోయాడు. మన తాళాలతో ఆ భయం లేదు లెండి!