కాంక్రీటును తడుపుట ఎందుకు?

ఇల్లు కట్టుకొను గృహస్థునకు స్లాబు వేయు దినము ఒక చిన్న పండుగ. తెల్లవారక మునుపే కూలీలు వత్తురు. కంకర, ఇసుక, సిమెంటు కలుపు యంత్రపు మ్రోత వీధి చివరి వరకు వినవచ్చును. పని ముగియగనే కొబ్బరికాయ కొట్టుదురు. మేస్త్రికి బట్టలు పెట్టుదురు. అందరికిని భోజనములు జరుగును. చీకటి పడుసరికి అందరును వెళ్ళిపోవుదురు. ఆ రాత్రి యజమాని గండము గడచినదని తలచి నిశ్చింతగా నిద్రపోవును. కాని ఆ కప్పు తరతరములు నిలుచునా, లేక కొలదియేండ్లకే పెచ్చులూడునా అను విషయము చాలవరకు తరువాతి పది, పదునాలుగు దినములలోనే నిర్ణయమగునని ఆయనకు ఎవ్వరును చెప్పియుండరు.

మా మిత్రులొకరు ఉద్యోగవిరమణ సమయమున వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టుకొనిరి. వైశాఖ మాసములో స్లాబు వేయించి, తడుపు పనిని కాపలావానికి అప్పగించి పనిమీద పొరుగూరు వెళ్ళిరి. ఆ కాపలావాని ఇంట ఏదో శుభకార్యము వచ్చి అతడును మూడు దినములు లేకపోయెను. వానకాలము రాగానే పడకగది కప్పునుండి నీరు చుక్కచుక్కగా కారసాగెను. సిమెంటు కల్తీయని కొందరు, ఇసుక మంచిది కాదని కొందరు అనిరి. మేము మేడపైకి ఎక్కి చూచితిమి. పైభాగమంతయు సన్నని బీటలతో, గోరుతో గీచిన పొడి రాలునట్లు ఉండెను. సామగ్రిలో లోపమేమియు కనబడలేదు. లోపించినది నీరు. ఈ విషయమును మా పాఠకులకు వివరింపవలెనను సంకల్పము మాకు ఆనాడే కలిగినది.

కాంక్రీటు ఎండి గట్టిపడునని చాలమంది తలంతురు. ఇది పొరపాటు. ఎండి గట్టిపడునది బురద; మరల తడిపినచో అది మెత్తబడును. కాంక్రీటు అట్టిది కాదు. వంతెనల పునాదులలో అది నీటి అడుగుననే గట్టిపడుచున్నది. సిమెంటు పొడి నీటితో కలిసినంతనే ఒక రసాయన చర్య ఆరంభమగును. సిమెంటు రేణువుల చుట్టును సూక్ష్మమైన కొత్త పదార్థము పుట్టి, అది పెరిగి, అల్లుకొని, ఇసుకను కంకరను బంధించును. ఈ చర్య మొదటి దినములలో వడిగాను, పిమ్మట మెల్లగాను సాగును. సాధారణ సిమెంటుతో చేసిన కాంక్రీటు ఏడు దినములలో సుమారు మూడింట రెండు వంతుల బలము పొందును. ఇంజనీర్లు దాని బలమును ఇరువది యెనిమిదవ దినమున కొలుతురు.

కలుపునప్పుడు నీరు పోసితిమి గదా, మరల ఎందుకు పోయవలెనని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఇది మంచి ప్రశ్న. 50 కిలోల సిమెంటు బస్తాలోని పొడి యావత్తు రసాయనికముగా కలియుటకు సుమారు 12 లీటర్ల నీరు చాలును. అందు పుట్టు పదార్థపు సూక్ష్మరంధ్రములలో ఇంకొక 7, 8 లీటర్లు ఇమిడిపోవును. మేస్త్రి బస్తాకు 25 లీటర్ల వరకు పోయుచున్నాడు. కనుక లోపలి నీరు చాలినంతయే కలదు. కాని ఎండకును గాలికిని ఆ నీరు ఆవిరియై పోవుచున్నది. లోపలి తేమ నూటికి ఎనుబది పాళ్ళకు తగ్గెనా, ఆ చర్య దాదాపు నిలిచిపోవును. కాబట్టి క్యూరింగు అనగా కాంక్రీటునకు కొత్తగా నీరిచ్చుట కాదు. ఉన్న నీటిని పోకుండ కాపాడుట. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో తక్కిన నియమములన్నియు తామే బోధపడును.

మొదటి గండము తొలి కొద్ది గంటలలోనే వచ్చును. పోసిన కాంక్రీటులో బరువైన రాళ్ళు క్రిందికి దిగుచుండగా కొంత నీరు పైకి తేలును. ఆ తేలు నీటికంటె ఆవిరియగు నీరు ఎక్కువైనచో పచ్చి కాంక్రీటు పైపొర ముడుచుకొని బీటలు వారును. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరియగు స్థితిని ఇంజనీర్లు ప్రమాదసూచికగా ఎంచుదురు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలనిరి. రోళ్ళ సంగతి ఎట్లున్నను, వడగాడ్పు వీచునప్పుడు పచ్చి స్లాబు పగులుట మాత్రము నిజము. కనుక ఎండకాలమున పనిని తెల్లవారుజామునగాని సాయంకాలమునగాని పెట్టుకొనవలెను. సెంట్రింగు పలకలను ముందుగా తడిపి ఉంచవలెను. పైభాగము చదును చేసిన వెంటనే పాలిథీను పట్టాతో కప్పవలెను. కాని పచ్చి కాంక్రీటుపై గొట్టముతో నీరు చిమ్మరాదు, సిమెంటు కొట్టుకొనిపోవును.

రెండవ గండము తరువాతి దినములది. వ్రేలితో నొక్కినను గుర్తు పడనంతగా పైభాగము బిగిసినప్పుడు తడి గోనెపట్టాలు పరువవచ్చును. ఇందుకై మరునాటి వరకు ఆగనక్కరలేదు. మరునాడు మట్టితోగాని పలుచని సున్నము, ఇసుక ముద్దతోగాని చిన్న గట్లు వేసి, స్లాబును మడులుగా విభజించి నీరు నిలుపుట మనకు తెలిసిన పద్ధతియే. దూలములకును స్తంభములకును మడులు కట్ట వీలులేదు. అందుచేతనే అవి ఎక్కువగా అశ్రద్ధకు గురియగుచున్నవి. ప్రక్కపలకలు తీసిన వెంటనే స్తంభమునకు గోనె చుట్టి, త్రాటితో కట్టి, అది ఆరకుండ చూడవలెను. ఉదయమున ఒకమారు, సాయంకాలమున ఒకమారు నీళ్ళు కొట్టి, నడుమ మండుటెండలో వదలివేయుట క్యూరింగు కానేరదు. తడియుచు ఆరుచు ఉన్న కాంక్రీటు ఉబ్బుచు ముడుచుకొనుచు బీటలు వారును.

ఎన్ని దినములు తడుపవలెను? 2000 సంవత్సరపు భారత ప్రమాణ నియమావళి 456 ప్రకారము సాధారణ సిమెంటునకు కనీసము ఏడు దినములు. వేడి, పొడి వాతావరణమున పది దినములు. నేడు అంగళ్ళలో బొగ్గుబూడిద కలిసిన పొజ్జొలానా సిమెంటు విరివిగా లభించుచున్నది. అది మంచి సిమెంటే గాని నిదానముగా గట్టిపడును. దానికి పది దినములు తప్పనిసరి. పదునాలుగు దినములు మేలు. బస్తాపై ఏ రకమో ముద్రించియుండును. చదువుకొనుట గృహస్థుని విధి. సెంట్రింగు ఊతములు తీయుటకును గడువులు కలవు. నాలుగున్నర మీటర్ల లోపు నిడివి గల స్లాబునకు ఏడు దినములు, అంతకు మించినదానికి పదునాలుగు. ఆరు మీటర్ల లోపు దూలములకు పదునాలుగు, మించినవానికి ఇరువదియొకటి. ఈ గడువులు తడి సరిగా నిలిపిన సాధారణ సిమెంటు పనికి సంబంధించినవి. ఎండబెట్టిన కప్పు క్రింది ఊతములను లెక్కప్రకారము లాగివేయుట ప్రాణాపాయము.

ఇక నీటి యెద్దడి మాట. వంద చదరపు మీటర్ల కప్పుపై ఐదు సెంటీమీటర్ల లోతున నీరు నిలిపినచో 5,000 లీటర్లగును. త్రాగునీటికే బిందెలతో బారులు తీరు వేసవిలో ఈ నీరెక్కడిదని రాయలసీమ గృహిణి అడిగినచో అందు న్యాయము కలదు. నీటిని కాపాడుటయే క్యూరింగు అని చెప్పియుంటిమి. తడి గోనెపట్టాలు పరచి, వానిపై పాలిథీను పట్టా కప్పి, అంచులను ఇటుకలతో అదిమిపెట్టినచో అందులో కొలది భాగమే సరిపోవును. పట్టా ఎత్తి చూచినప్పుడు గోనె తడిగా ఉండవలెను, అంతే. నీరు చాలదని సముద్రపు నీటినో ఉప్పునీటినో వాడుట తగదు. సామాన్యముగా త్రాగుటకు పనికివచ్చు నీరే ఇందులకును మంచిది.

తడి తప్పిన కాంక్రీటు వెంటనే కూలిపోదు. కనుకనే మనము అశ్రద్ధ చేయుదుము. నష్టము మొదట పైపొరకే కలుగును. కాని లోపలి ఇనుప చువ్వలకు కవచము ఆ పైపొరయే. అది గుల్లబారినచో గాలి, తేమ లోనికి చొచ్చును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలియు తోడగును. ఇనుము త్రుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులను క్రిందికి త్రోయును. అప్పటికి ఇల్లు కట్టిన మేస్త్రి ఏ ఊరనున్నాడో! పెచ్చు పడునది మాత్రము ఆ ఇంట నిద్రించు పిల్లలపై.

పెద్ద కట్టడములలో తడికి తోడు వేడిని గూర్చియు జాగ్రత్త పడుదురు. సిమెంటు గట్టిపడునప్పుడు వేడి పుట్టును. అమెరికాలో 1930ల నాటి హూవరు ఆనకట్ట నిర్మాణమున, ఆ వేడిని లాగివేయుటకై కాంక్రీటులో ఉక్కు గొట్టములు అమర్చి చల్లని నీటిని పారించిరి. మన ఇంటి కప్పునకు అంత యంత్రాంగము అక్కరలేదు. గోనెపట్టాలు, ఒక గొట్టము, ఒక మనిషి చాలును.

ఆ మనిషిని గురించి ఒక మాట చెప్పి ముగింతుము. ఇంటిపనిలో అందరికంటె తక్కువ కూలి పుచ్చుకొను కాపలావాని చేతిలో మనము కప్పు బలమును పెట్టుచున్నాము. అతనికి ఈ పని ఎందుకో ఒక్కమారు వివరించి చెప్పుడు. అతడు ఊరికి వెళ్ళవలసి వచ్చినచో బదులు మనిషిని ఏర్పాటు చేయుడు. తడిపిన దినములను గోడపై బొగ్గుతో గీతలు గీయింపుడు. సాయంకాలమున మీరే మేడ ఎక్కి, పట్టా ఎత్తి, గోనెపై అరచేయి ఉంచి చూడుడు. చేయి తడిసినచో ఆ రాత్రి నిశ్చింతగా నిద్రింపవచ్చును.