పొక్కులు లేచు చేతులు: వాని సంరక్షణము

గ్రామములలో పెద్దరికము వహించియున్న మీతో నేడు ఒక అరుదైన చర్మవ్యాధిని గూర్చి, ముఖ్యముగా ఆ వ్యాధిగల పిల్లల చేతులను గూర్చి ముచ్చటింపదలచితిని. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు అక్షరములు దిద్దించినవాడను. వైద్యులనడిగి తెలిసికొన్నదియు, నా బడిలో చదివిన యొక బాలుని తల్లి చేయుచుండగా స్వయముగా చూచినదియు మాత్రమే చెప్పెదను.

ఈ వ్యాధి గల శిశువునకు పొత్తిగుడ్డ ఒరసికొన్నచోట, ఎత్తుకొన్నవారి వ్రేళ్లు నొక్కినచోట నీటిపొక్కులు లేచును. పొక్కు చిట్లి చర్మము ఊడివచ్చును. చూచినవారు అమ్మవారు పోసినదందురు, కొందరు నాగదోషమందురు, వయసు వచ్చి వ్రేళ్లు ముడుచుకొన్నచో కుష్ఠువని దూరముగా కూర్చుండబెట్టుదురు. ఇందులో నొక్కటియు నిజము గాదు. ఇది అంటువ్యాధి కానే కాదు. కుష్ఠురోగమున చర్మమునకు స్పర్శ పోవును. ఇందులో స్పర్శ పోదు, బాధ మిక్కుటముగా నుండును.

దీని పేరు ఎపిడెర్మొలిసిస్ బులోసా. 1886లో కోబ్నరను జర్మను వైద్యుడు ఈ పేరు పెట్టెను. మొదటి పదము గ్రీకు, రెండవది లాటిను. పైచర్మము విడిపోవుట, బుడగలు లేచుట అని యర్థము. సంస్కృతపండితులు రెండు భాషలను సమాసము చేయనొల్లరు గాని, వైద్యులకా పట్టింపు లేదు.

మన యిండ్లలోని బొంతను తలచుకొనుడు. పైగుడ్డను లోగుడ్డను దారపు కుట్లు కలిపియుంచును. చర్మమునకును పైపొర, లోపొర యని రెండున్నవి. వానిని కలుపు సన్నని పోగులు గలవు. పుట్టుకతోనే ఆ పోగులలో లోపమున్నవారికి చిన్న ఒరపిడి తగిలినను పొరలు జారిపోయి నడుమ నీరు చేరును. ఇందు రకములు పెక్కు. తేలిక రకములో అరచేతులును అరికాళ్లును, విశేషించి వేసవియందు, పొక్కి మచ్చ లేకయే మానును. కఠినమైన రకములో ఏడవ రకపు కొల్లాజెనను పోగు లోపించియుండును. అందు గాయము మానినపుడెల్ల మచ్చకట్టి చర్మము బిగిసికొనును.

ఈ కఠిన రకములోనే చేతికి ముప్పు. ప్రక్కప్రక్కనున్న రెండు వ్రేళ్ల పచ్చిగాయములు ఒకదానినొకటి తాకియుండగా మానినచో, రెండును కలిసి యతుకుకొనును. ఏండ్లు గడచుకొలది వ్రేళ్లన్నియు అరచేతిలోనికి వంగి, పైన నొకే చర్మము క్రమ్మి, చేయి ముడిచిన పిడికిలివలె నగును. లోపల ఎముకలు మాత్రము వేరువేరుగనే యుండును.

కావున వ్రేలికి వ్రేలికి నడుమ ఎల్లప్పుడు మెత్తని గుడ్డ యడ్డుగా నుండవలెను. ఇదియే నేనీదినమున ముఖ్యముగా చెప్పదలచినది. చేతినంతటిని మూటవలె చుట్టి కట్టుట వలన నష్టమే గాని లాభము లేదు. ఆ తల్లి చేయు విధానమిది. మొదట తన చేతులు సబ్బుతో కడుగుకొనును. పాతకట్టు అంటుకొన్నచో లాగక, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి వదలించును. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపినచో పిల్లవానికి మంట తక్కువ. క్రొత్తగా లేచిన పొక్కును అట్లే వదలినచో నీరు ప్రక్కలకు ప్రాకి పొక్కు పెరుగును. కనుక మందులషాపున దొరకు క్రొత్త సూదితో పొక్కు అడుగుభాగమున గ్రుచ్చి, మెల్లగా నద్ది నీరు తీయును. పైచర్మమును ఒలువదు, గాయమునకదియే మొదటి కప్పు. తరువాత వేసలీను పూసిన గాజుగుడ్డనుగాని, వైద్యులిచ్చు అంటుకొనని సిలికోను పట్టీనిగాని సన్నని పేలికలుగా కత్తిరించి, వ్రేళ్ల సందుల మొదటికంట దిగునట్లు వేసి, ఒక్కొక్క వ్రేలిని వేరుగా చుట్టును. బొటనవ్రేలిని అరచేతికి ఎడముగా నిలుపును. కట్టు బిగువుగా నుండరాదు. జిగురుపట్టీలు ఎన్నడును తగదు. తీసినపుడు చర్మము వానితో వచ్చును. దూది గాయమునకంటుకొనును. పసుపు, బూడిద, ఆకుపసరులు పచ్చిగాయముపై వేయరాదు.

పగలు వ్రేళ్లు కదలుచుండవలెను. ఆడనీయుడు, తన యన్నము తానే తిననీయుడు. వేడియన్నము కలుపలేడు గనుక చెంచా కాడకు మెత్తని గుడ్డ చుట్టియిచ్చిన చాలును. నా విద్యార్థి కలమునకు స్పాంజి తొడిగించుకొని వ్రాసెడివాడు. దస్తూరి మా పాఠశాలలో పలువురికంటె చక్కనిది. చేతికి తోరములు, కంకణములు, ఉంగరములు వలదు. నడిపించునపుడు మణికట్టు పట్టుకొనక మీ అరచేయి చాపుడు, వాడే పట్టుకొనును. పసివానిని చంకల క్రింద చేతులు పెట్టి యెత్తరాదు; పిరుదుల క్రిందను తల క్రిందను మెత్తని గుడ్డతో చేతులుంచి యెత్తవలెను.

"పంతులుగారూ, ఇది ఎవరి పాపము?" అని యొక పెద్దమనిషి నన్నడిగెను. పాపము మాట యెట్లున్నను, లెక్క యిది. కఠినమైన ఆ రకమున తల్లియు తండ్రియు ఆ లోపమును చెరియొకటి గుప్తముగా మోయుచుందురు. వారికి వ్యాధి యుండదు. ప్రతి కాన్పునను శిశువునకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట నొకటి. ఒకే వంశమువారికి ఒకే లోపము ఉండుట సులభము గనుక మేనరికములలోను, మేనమామకు మేనకోడలినిచ్చు సంబంధములలోను ఈ భయమెక్కువ. బయటి సంబంధములలోను పుట్టవచ్చును. తల్లినొక్కతెను నిందించుట గణితమునకు గూడ విరుద్ధము. ఇట్టి బిడ్డ కలిగిన యింట మరల కాన్పునకు ముందు, ఆ కుటుంబమున మేనరికము తలపెట్టుటకు ముందు, జన్యుపరీక్ష చేయు పెద్ద ఆసుపత్రికి పంపుడు.

వ్యాధిని సమూలముగా తీసివేయు మందు ఇంకను లేదు. లోపించిన పోగును పుట్టించు జన్యువును గాయమునకందించు లేపనమునకు 2023లో అమెరికా ప్రభుత్వము అనుమతినిచ్చినది. దాని వెల సామాన్యులకందదు. అతుకుకొన్న వ్రేళ్లను శస్త్రచికిత్సతో విడదీయుదురు. కాని కొన్నియేండ్లకు మరల మూసికొనుట తరచు జరుగును. అందుచేత శస్త్రచికిత్స పిమ్మట రాత్రులయందు వ్రేళ్లను చాపియుంచు పలుచని బద్దను కొలతకు చేయించి కట్టుదురు, వ్రేళ్ల కట్లును మానరు. యౌవనము వచ్చిన తరువాత ఏ పుండైనను వారములు గడచినను మానక ఉబ్బెత్తుగా గట్టిపడినచో, అది పుట్టకురుపు కావచ్చును. ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను.