పురపాలక సంఘము కట్టించు గృహములు

గోదావరికి పెద్ద వరద వచ్చినపుడెల్ల రాజమహేంద్రవరమున ఒక దృశ్యము కనబడును. కేతావారిలంక, వెదుర్లమ్మలంక మొదలగు లంకలలోనివారు మూటాముల్లె కట్టుకొని పడవలపై గట్టు చేరుదురు. ధవళేశ్వరము బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగా మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు నెగురును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను మూడవ హెచ్చరిక సయితము దాటిపోయినది. వరద తీసినంతనే ఆ జనము మరల ఆ లంకకే మరలుదురు. ఇంత జరిగియు ఏల పోవుదురని మనము ఆశ్చర్యపడుదుము. వలయు పడవయు అక్కడ నున్నవి. చేపలు అమ్ముడుపోవు బజారు ఇవతలి యొడ్డున నున్నది. మరియొక చోట నిల్లు కలిగినను, ఈ రెంటికి నడుమ నిమిడిన జీవనము వారి వెంట రాదు.

పేదలకు ప్రభుత్వము ఇండ్లు కట్టించుట యనగానే మనకు గోడలు, కప్పు, తాళపుచెవి జ్ఞప్తికి వచ్చును. నిజమునకు చిక్కంతయు వానికి ముందే కలదు. నగరము నడుమ నేల ధర కూలివాని కందదు. అందు నేల వెలుపల దొరకును. వెలుపల నుండిన పని దొరకదు. ఈ ముడిని విప్పుటకే పురపాలక సంఘములు గృహనిర్మాణమునకు దిగినవి. ఇది మన దేశమున పుట్టిన యాలోచన కాదు. లండను కౌంటీ కౌన్సిలు మురికివాడ నొకదానిని పడగొట్టి, ఆ తావుననే కట్టిన బౌండరీ ఎస్టేటు 1900 లో ప్రారంభమైనది. వియన్నా నగరపాలకులు 1923లో గృహపన్ను విధించి, విలాస భవనములపై నెక్కువగా, చిన్న కొంపలపై తక్కువగా వసూలు చేసి, 1934 నాటికి 60,000 కు పైగా ఇండ్లు కట్టి అద్దెల కిచ్చిరి. అద్దెకని గమనింపుడు. మన పద్ధతి వేరు. ఇచట ఇల్లు లబ్ధిదారుని సొంతమగును, దానితోపాటు అప్పును సొంతమగును.

2015 జూన్ 25 న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగము వెలువడినది. అందలి భాగస్వామ్య నిర్మాణమను పద్ధతిని మన రాష్ట్రము టిడ్కో సంస్థ ద్వారా చేపట్టినది. నగరపాలక సంస్థ ఇటుకలు పేర్చదు. అర్హుల నేరి, వాటాధనము స్వీకరించి, ఇండ్లను కేటాయించును. కట్టడము టిడ్కో పని. ఏడాదికి 3 లక్షల రూపాయలకు మించని ఆదాయము గలవారు అర్హులు. ఇల్లు ఇంటి యిల్లాలి పేరనో, దంపతులిద్దరి పేరనో నుండవలెను. వృద్ధులు, అంగవైకల్యము గలవారు ఉన్న కుటుంబములకు క్రింది అంతస్తు నిచ్చుట మేలని నిబంధనలలో కలదు. ఇట్టి సముదాయ మొకటి రాజమహేంద్రవరమునకు చేరువనున్న బొమ్మూరులో వెలసినది.

ఇండ్లు మూడు తరగతులు: 300, 365, 430 చదరపు అడుగులు. 300 చదరపు అడుగులనగా 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల నేల. అందే పడకగది, వంటిల్లు, స్నానపుగది ఇమిడియుండవలెను. గోడలు ఇటుకవి కావు. అల్యూమినియపు అచ్చులు నిలిపి, నీటిగొట్టములు, విద్యుత్తీగల గొట్టములు ముందే అమర్చి, గోడను కప్పును ఒక్కసారే కాంక్రీటుతో పోయుదురు. పని వడిగా సాగును; కట్టడము గట్టిది. కాని ఆ గోడయే భారము మోయుచున్నది కనుక, తరువాత ఎవ్వరును దానిని పగులగొట్టి గది పెంచుకొనరాదు. మేకు దిగుటయు కష్టమే. మన వేసవిలో కాంక్రీటు గోడ సాయంతనము వరకు త్రాగిన వేడిని రాత్రి విడుచుచుండును. పెంకుటింటికి అలవడినవారికి ఇది తెలియక తప్పదు.

ఇక ధనము. కేంద్రము ఇంటికి 1.5 లక్షలిచ్చును, రాష్ట్రము కొంత చేర్చును, మిగిలినది లబ్ధిదారుని వాటాయు, బ్యాంకు ఋణమును. మొదట 300 అడుగుల యింటికి సయితము 2.65 లక్షల ఋణ ముండెడిది. తరువాత అది తొలగించి ఒక్క రూపాయికే ఇచ్చుటకు నిశ్చయించిరి. 365 అడుగుల యింటికి 3.15 లక్షలు, 430 అడుగుల దానికి 3.65 లక్షలు ఋణముగా నిలిచినవి. నూటికి 8 రూపాయల వడ్డీతో 20 ఏండ్లలో తీర్చవలెనన్నచో 3.15 లక్షలకు నెలకు రమారమి 2,600 రూపాయలగును. ఇంట దిగినవారికి అది అద్దెకు బదులు. అయితే రాష్ట్రమున పలు తావుల తాళపుచెవులు చేతికి రాకమునుపే వాయిదాల తాఖీదులు వచ్చినవి. అప్పుడు పేదవాడు ఇటు అద్దె, అటు వాయిదా, రెండును మోయవలసివచ్చినది. ఆలస్యమును లెక్కలలో వ్రాయుట తేలిక. అది ఎవరి వీపున పడినదో చూడవలెను.

నేల ఎంపిక అంతకంటె సున్నితము. 2020 లో నగరపు పేదల ఇండ్లస్థలములకై కోరుకొండ మండలమున బూరుగుపూడి ప్రాంతపు ఆవభూములు ఎంచిరి. ఆవ యనగా వాననీరు చేరి నిలుచు పల్లము. ఆ పేరును ఎరిగిన రైతు నడిగిన చాలియుండెడిది. ఆ యేడు అవి నీట మునిగినవి; వ్యవహారము ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. వరదకు వెరచి లంక విడువదలచినవానికి మరల నీటిపల్లమే చూపుట న్యాయమా?

కట్టిన యిండ్ల విషయమునను చిన్న సంగతులే పెద్దవి. మూడవ అంతస్తున ఇల్లు వచ్చిన తోపుడుబండి వర్తకుడు బండి నెచట నుంచవలెను? చేపల గంప నెత్తిన మోయు స్త్రీకి తెల్లవారుజామున కోటగుమ్మము వైపు బస్సు కలదా? నీటి మోటారు పాడైన నాడు బాగుచేయు ఖర్చు ఎవరిది? కేటాయింపు పత్రము పుచ్చుకొనబోవు వారు ఈ మూడింటిని అధికారులను ముందే అడిగి తెలిసికొనవలెను. బండి నిలుపుటకు నేలమీద నింత చోటు చూపినగాని, ఆ వర్తకునకు మూడవ అంతస్తులోని తాళపుచెవి యక్కరకు రాదు.