పేషెంటు తాలూకు ఎవరండీ?



మా వార్డుల్లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేని ప్రశ్న ఇది. మందుల చీటీ ఇవ్వాలన్నా, బిల్లు కట్టించాలన్నా, రక్తానికి మనిషిని పంపాలన్నా మేము ఇలాగే కేకవేస్తాం. డాక్టరుగారు రౌండ్సుకు వస్తున్నారంటే అదే మనిషిని బయటికి వెళ్ళమంటాం. ట్రైనింగులో మాకు నేర్పిన క్రమశిక్షణ అది. తాలూకు వాళ్ళంటే వార్డుకు అడ్డం అనే మాటను చాలా ఏళ్ళు మేమూ నమ్మాము.

కొన్నేళ్ళ క్రితం షుగరు జబ్బుతో, కాలి పుండుతో ఒక పెద్దావిడ మా దగ్గర చేరారు. పదకొండు రోజులు శ్రద్ధగా డ్రెస్సింగు చేశాము. పుండు ఎర్రబడి మానుదారి పట్టింది. డిశ్చార్జి రోజున కౌంటరు దగ్గర నిలబడిన కుమారునికి జాగ్రత్తలన్నీ చెప్పి, కాగితం ఇచ్చి, సంతకం తీసుకున్నాము. అతను లారీ డ్రైవరు. ఆ రాత్రే లోడుతో వెళ్ళిపోయాడు. కాగితం అతని చొక్కా జేబులోనే ఉండిపోయింది. మూడు వారాల తరువాత ఆవిడను తిరిగి తీసుకొచ్చేసరికి పాదం మడమ దాకా నల్లబడిపోయింది. మోకాలి కింద నుండి కాలు తీసివేయవలసి వచ్చింది.

ఇంట్లో ఆవిడకు స్నానం చేయించి అన్నం పెట్టేది కోడలు. ఆ అమ్మాయి మాతో అన్నమాట ఇది: "సిస్టర్ గారూ, పదకొండు రోజులు మంచం పక్కనే కూర్చున్నానండీ. నాకు చూపించి ఉంటే చేసేదాన్ని కదా."

కేసు షీటులో మా తప్పేమీ కనబడదు. సూచనలు ఇచ్చినట్టు రాసి ఉంది, సంతకమూ ఉంది. కాని డ్రెస్సింగు ట్రాలీ వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయిని వరండాలోకి పంపింది మేమే.

ఈ పని ఎవరు చేయాలి, ఎవరికి నేర్పాలి అన్న ప్రశ్న మాకే కొత్తగా వచ్చినది కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. శిబిరాల్లో కలరా పుట్టింది. బన్‌గావ్ అనే ఊరి ఆసుపత్రిలో పడకలు చాలక రోగులను నేల మీదే వరుసగా పడుకోబెట్టారు. కలరాకు అప్పటి చికిత్స సెలైన్. సీసాలు అయిపోవచ్చాయి, నరానికి సూది వేయగలిగిన సిబ్బందీ కొద్దిమందే. అక్కడికి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కొలత ప్రకారం కలిపిన పొట్లాలు కలకత్తాలో కట్టించి తెప్పించారు. ఆ పొడిని డ్రమ్ములలో నీటితో కలిపించారు. స్పృహ తప్పేంతగా నీరసించిన వారికి మాత్రం ముందు సెలైన్ ఎక్కించేవారు. తక్కిన వారందరికీ ఆ నీటిని తాగించే పని తల్లులకు, అన్నదమ్ములకు, పక్కన కూర్చున్న వారికి అప్పగించారు.

నోటి ద్వారా ఇచ్చే ద్రవం పనిచేస్తుందని అంతకు ముందే ఢాకాలో, కలకత్తాలో పరిశోధకులు తేల్చారు. అయితే అది చదువుకున్న సిబ్బంది కళ్ళ ముందు జరగవలసిన వైద్యమని పెద్దల అభిప్రాయం. మహలనబిస్ గారు మార్చింది మందును కాదు, గ్లాసు పట్టుకునే చేతిని. ఆ శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగులలో 4 శాతం లోపుకు దిగాయి. అదే నేటి ఓఆర్ఎస్. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ప్రకటించారు. బ్రతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేది.

మాలాంటి నర్సులకు కొంచెం చేదుగా ఉండే కథ మరొకటి ఉంది. వేలూరులో చదువుకున్న డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని కరవు ప్రాంతమైన జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. మొదట నర్స్ మిడ్‌వైఫులను పల్లెలకు పంపారు. అది కుదరలేదు. పై ఊరి నుండి వచ్చిన చదువుకున్న పిల్ల అక్కడ ఒంటరి, పల్లె ఆడవాళ్ళకు ఆమె మాట పరాయి మాట. అప్పుడు ఏ ఊరి స్త్రీని ఆ ఊరిలోనే ఎన్నుకుని నేర్పడం మొదలుపెట్టారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. అయినా బిడ్డలను తూచడం, గర్భిణులను పరీక్షించడం, కాన్పు శుభ్రంగా చేయడం, విరేచనాలు పట్టిన బిడ్డకు ఉప్పు పంచదార నీళ్ళు పట్టించడం నేర్చుకుని, తమ ఊరి తల్లులకు నేర్పారు. 1979లో ఆ దంపతులకు మెగసెసె పురస్కారం లభించింది.

కంగారూ పద్ధతి కూడా ఇలాంటి ఇరుకులోనే పుట్టింది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక, నెలతక్కువ బిడ్డలను తల్లి రొమ్మున ఆనించి ఉంచారు. పుట్టిన వెంటనే ఇలా మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని మన దేశం కూడా పాల్గొన్న పరిశోధన 2021లో చూపింది.

ఇక మా వార్డు సంగతి. ఇప్పుడు కేసు షీటు మొదటి పేజీలోనే "ఇంట్లో చూసేది ఎవరు?" అని అడిగి పేరు రాస్తున్నాము. బిల్లు కట్టేవారి పేరు వేరు, ఈ పేరు వేరు. డ్రెస్సింగు వేళ ఆ మనిషిని బయటికి పంపము. మొదటి రోజు చేతులు కడుక్కుని చూడాలి, రెండో రోజు మాకు అందించాలి, మూడో రోజు వారు చేస్తుంటే మేము చూస్తాము. "అర్థమైందా?" అని అడగడం మానుకున్నాము. ఎవరిని అడిగినా తల ఊపుతారు. "ఇంటికెళ్ళాక ఏం చేస్తారో మాకు చెప్పండి" అంటాము.

ఇది సులభంగా జరిగిందని చెప్పలేము. ఉన్న పనికే చేతులు చాలడం లేదు, ఇదొకటా అని మా సిస్టర్లే సణిగారు. వారి మాటలో నిజముంది, ఒక్కొక్కరికి నేర్పడానికి పావుగంట పడుతుంది. కొందరు బంధువులు "డబ్బు కట్టేది మీరు చేయడానికే కదా" అన్నారు. వారికి ఒక్కటే జవాబు: మేము చేయవలసిన పని మీ మీద పడవేయము. ఇంజెక్షను డోసు మార్చడం, పుండు కోయడం, మందు ఆపడం మీ పని కాదు. ఇంటికి వెళ్ళిన తరువాత ఎలాగూ మీ చేతుల్లో పడే పనినే ముందుగా నేర్పుతున్నాము.

షుగరు ఉన్నవారి ఇంట్లో రోజూ చేయవలసినది ఇంతే. రెండు అరికాళ్ళూ వెలుతురులో చూడండి. వేళ్ళ సందులు పొడిగా తుడవండి. వేడినీళ్ళను ముందు మీ మోచేతితో చూడండి, వారి పాదానికి వేడి తెలియకపోవచ్చు. ఇంట్లో కూడా చెప్పులు వేయించండి. రంగు మారినా, వాసన వచ్చినా, చీము కనబడినా మరుసటి వారం దాకా ఆగవద్దు.

బిడ్డకు విరేచనాలైతే లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి మొత్తం కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు పావు నుండి అరగ్లాసు చెంచాతో పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. జింకు మాత్ర 14 రోజులూ ఇవ్వాలి, విరేచనాలు కట్టిన నాడే మానేయకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మలంలో రక్తం పడినా రాత్రి అనకుండా తీసుకురండి.

ఆ పెద్దావిడ ఇప్పటికీ మా దగ్గరికే వస్తారు. ఆవిడ రెండవ పాదాన్ని కోడలే చూసుకుంటోంది. మూడేళ్ళుగా పుండు లేదు. వార్డులో కొత్తగా చేరిన వారికి ఎలా చూడాలో ఆ అమ్మాయి చేత అప్పుడప్పుడు చెప్పిస్తున్నాము. మాకంటే ఆమె మాటే వాళ్ళకు త్వరగా ఎక్కుతోంది.

డ్రెస్సింగు ట్రాలీ మగవారి వార్డుకు ఉదయం 9 గంటలకు, ఆడవారి వార్డుకు 10 గంటలకు వస్తుంది. ఇంట్లో చూసుకునేవారు ఆ వేళకు పడక దగ్గర ఉండండి. గాజులు, ఉంగరాలు తీసివేసి రండి.