కోడీనును గూర్చిన సమాచారము – సత్యమును, లోపమును



వాన తక్కువయై గాలి యెక్కువయైన మన యనంతపురపు మెట్టభూములలో ఎండలు ముదిరినతోడనే పొడిదగ్గు ఇంటింట వినవచ్చును. వైద్యుడు దూరమున నుండును. సెల్‌ఫోను చేరువ నుండును. మందుసీసాపై నున్న పేరును ఫోనులో వెదకి, అందు గనబడిన దానిని శాస్త్రవాక్యముగ గ్రహించుట నేడు పల్లెలలోను అలవాటైనది. ఆ సమాచారము ఎంతవరకు నమ్మదగినదో కోడీనను మందును దృష్టాంతముగ గైకొని విచారింతము.

కోడీను నల్లమందునందలి పదార్థము. 1832లో రోబికే యను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని వేఱుపఱచెను. నొప్పిని, దగ్గును అణచుటకు వాడుదురు. లోనికి బోయిన పిదప దీనిలో కొంతభాగము కాలేయమందు మార్ఫీనుగా మారును. నొప్పిని ముఖ్యముగ తగ్గించునది ఆ మార్ఫీనే.

2008లో అమెరికా పరిశోధకులు మందులను గూర్చి 80 ప్రశ్నలు కూర్చి, వికీపీడియాను, వైద్యులు చూచు మఱియొక ఔషధకోశమును పరీక్షించిరి. వికీపీడియా నూటికి 40 ప్రశ్నలకే బదులిచ్చెను. రెండవది 82కు పైగా ఇచ్చెను. వికీపీడియాలో అసత్యమేమియు వారికి దొరకలేదు. కాని చెప్పవలసినది చెప్పక విడిచిన తావులు 48 తేలినవి. వ్యాకరణమున ఉన్నది పోవుట లోపము, లేనిది వచ్చుట ఆగమము, ఒకదానికి మాఱుగ నింకొకటి వచ్చుట ఆదేశము. కడమ రెండును కంటికి దొరకును, లోపము దొరకదు. లేని వాక్యమును చదువరి యెట్లు చూడగలడు? కావున చదివిన ప్రతిమాటను దేశ కాల పాత్రములచే పరీక్షింపవలెను.

మొదటిది దేశము. బ్రిటనులో పారసిటమాలుతో గలిపిన స్వల్పపరిమాణపు కోడీను బిళ్లలు వైద్యుని చీటి లేకయే లభించును. అది అచ్చట సత్యము. మనదేశమున 2014 మార్చి 1 నుండి అమలులో నున్న హెచ్1 షెడ్యూలు ననుసరించి, చీటి లేక కోడీను అమ్మరాదు. రోగి పేరు, వైద్యుని పేరు, అమ్మిన పరిమాణము అంగడివాడు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను.

రెండవది కాలము. 2017లో అమెరికా ఔషధశాఖ, 12 ఏండ్లలోపు పిల్లలకు నొప్పికిగాని దగ్గుకుగాని కోడీను ఈయరాదనియు, పాలిచ్చు తల్లులు వాడకుండుట మేలనియు హెచ్చరించెను. అంతకుముందు వ్రాసిన పుటలలో పిల్లల మోతాదులు నేటికిని కానవచ్చును. నిరుటి పంచాంగమున ఒక్క అచ్చుతప్పైనను లేకపోవచ్చును. అంతమాత్రమున దానిని జూచి ఈయేటి పెండ్లికి ముహూర్తము పెట్టుదుమా? 2011, 2012లలో ఆ శాఖ యిచ్చిన మందుల హెచ్చరికలు ఏడాది దాటినను నూటికి 36 వికీపీడియా పుటలలో చేరలేదని 2014లో వెల్లడియైనది.

మూడవది పాత్రము, అనగా మందు పుచ్చుకొను మనుష్యుడు. కొందఱి కాలేయము పుట్టుకతోనే కోడీనును మిక్కిలి వేగముగ మార్ఫీనుగా మార్చును. అట్టివారికి సామాన్యమైన మోతాదే ఊపిరిని మందగింపజేసి ప్రాణముమీదికి తెచ్చును. మఱికొందఱిలో ఆ మార్పు అత్యల్పము. వారికి నొప్పియే తగ్గదు. ఈ భేదము ముఖము చూచి చెప్పరానిది. పదిమందికి సరిపడునట్లు వ్రాసిన వాక్యము మీ బిడ్డకును సరిపడునని తలంచుట సాహసము.

ఇట్లనుటచే ఫోనులో చదువవలదని నా యభిప్రాయము కాదు. చదువుడు. ఆ పుట ఏ దేశమువారిదో, ఏ యేట దిద్దినదో చూడుడు. సీసాపై వ్యాపారనామముతో తృప్తిపడక క్రింద సన్నని యక్షరములలో నున్న మందుల పేళ్లు కూడ చదువుడు. చదివినదానిని ప్రశ్నగ మార్చి వైద్యుని యడుగుడు. కాని మందు త్రాగిన బిడ్డకు ఊపిరి మందగించినను, లేపిన లేవకున్నను, అది చదువుకొను సమయము కాదు. ఫోనున్నది గదా, ముందు 108కి చేయుడు.