‘మానేశాక వెళ్తాను’



మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. చేపల గంప దించి, కాళ్ళు కడుక్కొని, ఆరాధనకు వచ్చి చివరి చాప మీద కూర్చునేది. పాటలు మొదలైతే ఆమె గొంతే ముందు వినబడేది. అటువంటి మనిషి ఒక ఏడాది పాడడం తగ్గించింది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ప్రభు బల్ల ఆచరించే ఆదివారాలలో రావడమే మానేసింది.

ఎవరితోనో తగవు పడి ఉంటుంది, మనసులో ఏదో ఉండి బల్లకు దూరమైంది అని మేము అనుకున్నాము. సంఘం తరపున పరామర్శకు వెళ్ళే మేము నలుగురం ఆమె ఇంటికి వెళ్ళి, సమాధానపడమని వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చాము. ఆమె తల వంచుకొని విన్నది. అసలు సంగతి మరికొన్ని నెలలకు ఆమె కోడలు చెప్పింది. అంగిట్లో పుండు. ద్రాక్షారసం తగిలితే ప్రాణం పోయేంత మంట. అందుకే బల్లకు రావడం లేదు.

పెద్దమ్మకు చిన్నప్పటి నుండి అడ్డపొగ అలవాటు. వెలిగించిన చుట్టను, నిప్పు ఉన్న కొనను నోటి లోపలికి పెట్టుకొని పీల్చడాన్ని మా వైపు అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, అమ్మ తాగింది కాబట్టి కూతురు తాగింది. ఈ తీరం వెంబడి ఎందరో స్త్రీలకు ఇది ఇలాగే వచ్చింది. పొగాకు చేసే హానికి నిప్పు సెగ తోడై, ముందు అంగిలి తెల్లబడుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో పుండు పడి క్యాన్సరుగా మారుతుంది. మన రాష్ట్రంలో అడ్డపొగ తాగే పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలిలో వచ్చే ఈ మార్పుల గురించి వైద్య పరిశోధకులు 1971లోనే ప్రచురించారు. సంగతి కొత్తది కాదు. ఆమెను సమయానికి ఆసుపత్రికి తీసుకువెళ్ళిన వారు లేకపోవడమే విచారం.

ఎందుకు వెళ్ళలేదు పెద్దమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

“సుట్ట మానీసి ఎల్దామనుకున్నాను బాబూ. మాననేకపోనాను. మానకండా ఎల్తే డాక్టరుబాబు తిడతాడు. మీకు తెలిస్తే నలుగురిలో అంటారు. అందుకే నోరు మూసుకున్నాను.”

నలుగురిలో అన్నవారం మేమే. దేహం దేవుని ఆలయమని, చుట్ట, సారా ఆ ఆలయాన్ని పాడుచేస్తాయని మా కూడికల్లో ఎన్నోసార్లు చెప్పాము. చెప్పింది సత్యమే. కానీ చెప్పిన తీరుకు భయపడి ఆమె చుట్టను దాచింది, చుట్టతో పాటు పుండునూ దాచింది. రెండు వానాకాలాలు అలా గడిచిపోయాయి.

ఆ తరువాత మేము ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఈ కోణంలో గమనించడం మొదలుపెట్టాము. మనిషికి ఉన్న అలవాటే అతని కాళ్ళను ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆపుతున్నదని అర్థమైంది.

పొగ తాగేవారికి దగ్గు వస్తే “ఇది చుట్ట దగ్గులే” అంటారు. దగ్గుకు ఒక కారణం చేతిలోనే ఉంది గనుక ఇంకొకటి వెదకరు. కానీ పొగ తాగేవారికి క్షయ సోకే ప్రమాదం ఇతరులకంటే ఎక్కువ. నెలల తరబడి దగ్గుతూ ఉంటే ఇంట్లోని పసిపిల్లలకు కూడా అంటుకోవచ్చు.

తాగుడు అలవాటైన వారి బాధ వేరు. ఆసుపత్రికి వెళ్ళే రోజు తాగి వెళ్తే వాసన వస్తుందని సిగ్గు, తాగకుండా ఉంటే చేతులు వణుకుతాయి. ఆ రెండింటి మధ్య ఆ రోజు తప్పిపోతుంది. ఇక్కడ కుటుంబాలకు ఒక హెచ్చరిక. చాలా ఏళ్ళుగా రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి పూర్తిగా మానేస్తే కొందరికి మూర్ఛలు వస్తాయి, మతి తప్పుతుంది, ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. కాబట్టి “మానేశాక డాక్టరు దగ్గరకు” అనకండి. మానడానికే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మంచి అలవాట్లు ఉన్నవారు కూడా మినహాయింపు కారు. మా పక్క ఊరిలో ఒక రైతు, విశ్వాసి. చుట్ట ముట్టడు, సారా వాసన ఎరుగడు, కోడి కూయకముందే పొలంలో ఉంటాడు. “కష్టపడే ఒంటికి జబ్బేమిటండీ, నాకు డాక్టరుతో ఏం పని?” అనేవాడు. ఒక ఉదయం పొలం గట్టు మీదే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయి కూలిపోయాడు. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు విపరీతంగా ఉంది. జీవితంలో ఒక్కసారి కూడా ఆయన బీపీ చూపించుకోలేదు. బీపీ, షుగరు మొదట్లో నొప్పి పుట్టించవు. నొప్పి వచ్చినప్పుడు చూసుకుందాం అనుకునేవారికి అవి కబురు పంపకుండానే వస్తాయి.

ఇక విశ్వాసులమైన మనలో వినబడే మాట ఇంకొకటి ఉంది. “ప్రార్థన చేస్తున్నాం గదా, మళ్ళీ డాక్టరెందుకు?” హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. సువార్త రాసిన లూకా వైద్యుడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని, పూటకూళ్ళ ఇంటికి చేర్చి, ఖర్చు తానే పెట్టాడు. ఆ దారిన ఒంటరిగా ఎందుకు వచ్చావని పడి ఉన్నవాడిని అడగలేదు.

మన తెలుగు సంఘాలకు ఈ దారి కొత్త కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ గారిని గుర్తు చేసుకోండి. మగ డాక్టరుకు చూపించుకోవడం ఆచారం కాదని స్త్రీలు ఇళ్ళల్లోనే బాధపడే రోజులవి. ఆమె వారిని తప్పుపట్టలేదు. 1898లో అక్కడ స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. రాలేని కారణం ఏమిటో చూసి ఆ కారణాన్ని తొలగించడం పెద్దలు మనకు చూపిన మార్గం.

కనుక మా అనుభవం నుండి కుటుంబాలకు కొన్ని మాటలు మనవి చేస్తున్నాము.

నోటిలో పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని రెండు వారాలకు మించి ఉంటే చూపించుకోవాలి. పొగాకు అలవాటు ఉన్నవారు నెలకొకసారి అద్దం ముందు, పగటి వెలుగులో నోరు తెరిచి అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూసుకోవాలి.

దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్షా, మందులూ ఉచితం. సాధారణంగా ఆరు నెలలు మానకుండా వాడాలి.

30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగరు చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఆశా కార్యకర్త ద్వారానూ ఈ పరీక్షలకు ఏర్పాటు ఉంది. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా అందులో భాగమే. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. మానలేకపోయినా డాక్టరు దగ్గర దాచవద్దు. ఎన్ని చుట్టలు, ఎంత సారా అన్నది నిజం చెబితేనే సరైన వైద్యం జరుగుతుంది. ఒకచోట కసురుకుంటే ఇంకొక చోటికి వెళ్ళండి, ఇంటికి మాత్రం తిరిగి రావద్దు.

అన్నిటికంటే ముఖ్యం, తోడు వెళ్ళడం. “ఆసుపత్రికి వెళ్ళు” అనడం తేలిక. “రేపు పొద్దున్న మొదటి బస్సుకు నేను వస్తాను, పద” అనే కొడుకు, కోడలు, సంఘ పెద్ద ఉంటే సగం భయం పోతుంది. ఇప్పుడు మేము పరామర్శకు వెళ్ళినప్పుడు అలవాటు గురించి మొదట అడగము. తింటున్నారా, నిద్ర పడుతున్నదా, ఎక్కడ నొప్పి అని అడుగుతాము. చుట్ట సంగతి వారే చెబుతారు.

పెద్దమ్మను మేమే విశాఖపట్నం తీసుకువెళ్ళాము. అంగిలిలో కొంత భాగం తీసివేసి, ఆ ఖాళీలో కట్టుడు పళ్ళ వంటి పలక అమర్చారు. ముందే వచ్చి ఉంటే ఇంత కోత ఉండేది కాదని డాక్టరు గారు అన్నారు. ఆ మాట ఆమెకు కాదు, మాకు చెప్పినట్టు అనిపించింది. ఆమె చుట్ట ఆసుపత్రిలోనే పోయింది. ఎన్ని ప్రసంగాలకూ పోనిది, పక్కన కూర్చొని తోడున్న రోజుల్లో పోయింది.

ఇప్పుడు ఆమె మళ్ళీ పాడుతున్నది. పదాలు సరిగా తెలియవు, రాగం తెలుస్తుంది. ప్రభు బల్ల దగ్గర పాత్ర అందుకుంటుంది.

ప్రియులారా, ముందు శుద్ధులై అప్పుడు రండి అని ప్రభువు మనలో ఎవరినీ అడగలేదు. ఉన్నవారిని ఉన్నట్టే రమ్మన్నాడు. మన ఇంటిలో, మన చాప మీద చివర కూర్చున్నవారిలో, కొంగు చాటున ఏదో దాచుకొని “మానేశాక వెళ్తాను” అనుకుంటున్నవారు ఎవరో ఈ వారమే గమనించండి. వారితో కలిసి బస్సెక్కండి.